ఒక్క పఫ్ ఖరీదెంత? ఇన్‌హేలర్ ధర వెనుక లెక్కలు

విద్యార్థులారా, మీ తరగతిలో ఉబ్బసం ఉన్నవారు ఒక్కరైనా ఉండే ఉంటారు. వానలు మొదలైనప్పుడో, చలికాలపు తెల్లవారుజామునో, దీపావళి మర్నాడో వారికి ఊపిరి బిగబట్టినట్టవుతుంది, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. అలాంటి వారి సంచిలో ఒక చిన్న ఇన్‌హేలర్ ఉండాలి. చాలామంది సంచిలో ఉండదు. ఎందుకు లేదని పెద్దలను అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "అది అలవాటైపోతుందట." రెండు, "అంత ఖరీదు మనవల్ల కాదు."

మొదటి జవాబును ఒక్క మాటలో తేల్చేయవచ్చు. కళ్ళజోడు అలవాటైనట్టే ఇదీ అలవాటవుతుంది, అంటే అవసరం ఉన్నన్నాళ్ళు వాడతారు. అది వ్యసనం కాదు. రెండవ జవాబును మాత్రం అంత తేలికగా కొట్టివేయడానికి లేదు. అందులో కొంత నిజం ఉంది, కొంత లెక్క తెలియకపోవడం ఉంది. ఆ రెండింటినీ విడదీసి చూడడమే ఈ పాఠం ఉద్దేశం.

ఇది చిన్న విషయం కాదని చెప్పడానికి రెండు అంకెలు చాలు. ప్రపంచ వ్యాధిభారంపై 2019 సంవత్సరానికి వేసిన అంచనాల ప్రకారం మన దేశంలో దాదాపు 3 కోట్ల 40 లక్షల మందికి ఉబ్బసం ఉంది. ఇది ప్రపంచ ఉబ్బస రోగులలో సుమారు 13 శాతం. కానీ ఉబ్బసంతో సంభవించే మరణాలలో మన వాటా 40 శాతం దాటింది. రోగుల వాటాకీ మరణాల వాటాకీ మధ్య ఇంత తేడా ఎందుకు రావాలి? ఉబ్బసానికి మందు లేక కాదు. మంచి మందులు ఉన్నాయి, వాటిలో చాలా భాగం మన దేశంలోనే తయారవుతున్నాయి. అవి చేరవలసిన ఊపిరితిత్తులకు చేరడం లేదు.

మాత్ర చౌక, ఇన్‌హేలర్ ఖరీదా?

సాల్బుటమాల్ అనే మందును తీసుకుందాం. బిగుసుకుపోయిన శ్వాసనాళాల కండరాన్ని ఇది వదులు చేస్తుంది. ఇది మాత్రగా దొరుకుతుంది, సిరప్‌గా దొరుకుతుంది, ఇన్‌హేలర్‌గానూ దొరుకుతుంది. పెద్దవారికి ఇచ్చే ఒక మాత్రలో సాధారణంగా 4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇన్‌హేలర్‌ను ఒకసారి నొక్కితే, అంటే ఒక పఫ్‌లో, వచ్చేది 100 మైక్రోగ్రాములు. వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము కదా. కాబట్టి ఒక మాత్రలోని మందు 40 పఫ్‌లకు సమానం. ఆయాసం వచ్చినప్పుడు రెండు పఫ్‌లు తీసుకున్నా మాత్రలో ఉన్నదానిలో ఇరవయ్యో వంతే.

మరి ఇరవయ్యో వంతు మందు ఎలా సరిపోతుంది? మాత్ర ముందు కడుపులో కరగాలి, పేగుల నుంచి రక్తంలోకి వెళ్ళాలి, కాలేయం దాటాలి, ఆ తర్వాత రక్తంతో పాటు ఒళ్ళంతా తిరగాలి. అలా తిరిగే దానిలో కొద్ది భాగమే శ్వాసనాళాలకు అందుతుంది. మిగిలినది గుండెను దడదడలాడిస్తుంది, చేతులను వణికిస్తుంది. "ఆ మాత్ర వేసుకుంటే చేతులు వణుకుతాయండీ" అని పెద్దవాళ్ళు చెప్పే మాటకు కారణం ఇదే. ఇన్‌హేలర్ మందు నేరుగా అవసరమున్న చోటికే వెళుతుంది. అందుకే తక్కువ మందుతో, కొద్ది నిమిషాల్లోనే పని జరుగుతుంది. పొలంలో ఒక మూల మొక్కకు నీళ్ళు కావాలంటే చెరువు తూము ఎత్తడం ఒక పద్ధతి, చెంబుతో తీసుకెళ్ళి మొదట్లో పోయడం ఇంకో పద్ధతి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఒక సాల్బుటమాల్ ఇన్‌హేలర్ డబ్బా ధర 160 రూపాయలనీ, అందులో 200 పఫ్‌లు ఉన్నాయనీ అనుకుందాం. భాగిస్తే ఒక పఫ్‌కు 80 పైసలు, ఆయాసానికి రెండు పఫ్‌లు వేసుకుంటే రూపాయి 60 పైసలు. రోడ్డు పక్క బండి మీద టీ కూడా ఆ ధరకు రాదు. ఇక్కడ ఇన్‌హేలర్ ఖరీదు అన్న మాట నిలబడదు.

కానీ రోజుకూలీ మీద బతికే ఇంటి వైపు నుంచి చూడండి. మాత్రలు నాలుగు కావాలంటే నాలుగే కత్తిరించి ఇస్తారు. ఇన్‌హేలర్‌లో నాలుగు పఫ్‌లు అమ్మరు. రెండు వందల పఫ్‌లకూ డబ్బు ఒకేసారి ఇవ్వాలి. షాంపూను పెద్ద సీసాలో కొనలేని ఇల్లు సాచెట్లలో కొన్నట్టే, ఈ ఇల్లు మాత్రలు కొంటుంది. ఇన్‌హేలర్ ధర గురించి మాట్లాడేవారు పఫ్ ఖరీదును, డబ్బా ఖరీదును వేరుచేసి చూడాలి. మొదటిది చాలా తక్కువ. రెండవది చేతిలో డబ్బు లేని రోజున నిజంగానే ఎక్కువ.

ఈ చిక్కుకు మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చిన పరిష్కారం పొడి ఇన్‌హేలర్. ప్లాస్టిక్ పరికరాన్ని ఒకసారి కొనుక్కుంటే చాలు, ఆ తర్వాత మందు పొడి ఉన్న గుళికలు విడిగా కొనుక్కోవచ్చు. పరికరంలో గుళిక పెట్టి తిప్పితే అది విడిపోతుంది. నోటితో గట్టిగా పీల్చుకుంటే పొడి లోపలికి వెళుతుంది. ఇందులో పీడనం కింద నింపిన వాయువు లేదు, కవాటం లేదు. ఒకటే షరతు ఉంది, పీల్చే బలం ఉండాలి. మరీ చిన్నపిల్లలకు, తీవ్రమైన ఆయాసంలో ఉన్నవారికి ఇది తగినది కాదు.

డబ్బాలో ఉన్నదేమిటి?

200 పఫ్‌లు, ఒక్కొక్కటి 100 మైక్రోగ్రాములు. గుణిస్తే 20,000 మైక్రోగ్రాములు, అంటే 20 మిల్లీగ్రాములు. డబ్బా నిండా ఉన్న మందు మొత్తం కలిపితే అయిదు మాత్రల్లో ఉన్నంతే! కాబట్టి మనం డబ్బు పెట్టి కొంటున్నది ప్రధానంగా మందును కాదు, ఆ కొద్దిపాటి మందును 200 సమాన భాగాలుగా కొలిచి, ఊపిరితిత్తుల లోతుకు చేరేంత సన్నని తుంపరగా మార్చే పరికరాన్ని. ఈ ఒక్క విషయం పట్టుబడితే ధరల కథ సగం అర్థమైనట్టే.

ఈ పరికరం పుట్టుక ఆసక్తికరంగా ఉంటుంది. 1955లో అమెరికాలోని రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మేసన్‌ను, ఉబ్బసం ఉన్న ఆయన కుమార్తె ఒక ప్రశ్న అడిగింది. ఆ రోజుల్లో ఉబ్బసం మందును గాజు నెబ్యులైజర్‌లో పోసి, రబ్బరు బంతి నొక్కుతూ పీల్చేవారు. తలకు కొట్టుకునే స్ప్రే డబ్బాలా ఈ మందు కూడా ఎందుకు రాకూడదు అన్నది ఆ అమ్మాయి సందేహం. సంస్థలోని శాస్త్రజ్ఞులు సుగంధద్రవ్యాల స్ప్రేలకు వాడే కవాటాన్ని తీసుకుని, ఒక్కసారికి ఒక్క కొలతే బయటికి వచ్చేటట్టు దాన్ని మలచుకుని ప్రయోగాలు చేశారు. 1956లో మొదటి కొలత ఇన్‌హేలర్లు బజారులోకి వచ్చాయి. 1966లో ఇంగ్లండ్‌లో డేవిడ్ జాక్ నాయకత్వంలోని బృందం సాల్బుటమాల్‌ను రూపొందించింది. 1969లో అది అమ్మకానికి వచ్చింది. అంటే మందు వయసు అర్ధ శతాబ్దం దాటింది, దాని మీద పేటెంటు ఎప్పుడో ముగిసింది.

డబ్బాను కోసి చూపినట్టు ఊహించుకోండి. లోపల అధిక పీడనం వల్ల ద్రవంగా మారిన వాయువు ఉంటుంది. దీనిని ప్రొపెల్లెంట్ అంటారు, మందును బయటికి తోసే వాయువు అన్నమాట. మందు చాలా ఇన్‌హేలర్లలో ఆ ద్రవంలో కరగకుండా సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. నిలకడగా ఉంచితే అది అడుగుకు చేరవచ్చు, లేదా పైకి తేలవచ్చు. వాడే ముందు బాగా కుదపాలని చెప్పేది ఇందుకే. కుదపకుండా నొక్కితే ఒక పఫ్‌లో ఎక్కువ మందు, ఇంకో పఫ్‌లో తక్కువ మందు వస్తాయి. మనం డబ్బాను నొక్కినప్పుడు కవాటంలోని చిన్న గదిలో ఉన్న ద్రవం మాత్రమే బయటపడుతుంది. గాలి తగలగానే అది మరిగి ఆవిరవుతుంది, మందు తుంపరగా మిగులుతుంది. ఆ రేణువుల పరిమాణం 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి. అంతకంటే పెద్దవైతే గొంతులోనే తగిలి ఆగిపోతాయి. మరీ చిన్నవైతే వచ్చిన దారినే ఊపిరితో పాటు బయటికి పోతాయి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఎంత సన్నని పనో ఊహించండి. 200వ పఫ్ కూడా మొదటి పఫ్ లాగే రావాలి. అందుకే ఒక మాత్రను నకలు చేసినంత సులభంగా ఒక ఇన్‌హేలర్‌ను నకలు చేయలేరు.

వాయువు మారితే ధర పెరిగింది

పాత ఇన్‌హేలర్లలో ప్రొపెల్లెంటుగా క్లోరోఫ్లోరోకార్బన్లు వాడేవారు. ఇవి ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని తెలిశాక 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. రిఫ్రిజిరేటర్లు, స్ప్రేలు ముందు మారాయి. ఇన్‌హేలర్లకు కొంతకాలం మినహాయింపు దొరికింది. తర్వాత వాటిలోనూ హైడ్రోఫ్లోరో ఆల్కేన్ అనే కొత్త వాయువు ప్రవేశించింది.

అమెరికాలో 2008 డిసెంబరు 31 తర్వాత పాత వాయువుతో నింపిన సాల్బుటమాల్ ఇన్‌హేలర్ల అమ్మకం నిలిపివేశారు. అక్కడ ఈ మందును ఆల్బ్యుటెరాల్ అంటారు. అప్పటిదాకా జనరిక్ రూపంలో చౌకగా దొరికిన ఇన్‌హేలర్లు ఒక్కసారిగా బజారు నుంచి తప్పుకున్నాయి. కొత్త వాయువుతో వచ్చినవన్నీ పేటెంటు రక్షణ ఉన్న బ్రాండ్లే. మందు అదే, మోతాదు అదే. వాయువు, కవాటం, తొడుగు కొత్తవి. పేటెంట్లు వాటి మీద. ఫలితం ఏమిటంటే, ఆరోగ్య బీమా ఉన్నవారు సైతం ఒక ప్రిస్క్రిప్షన్‌కు తమ జేబు నుంచి చెల్లించే సగటు మొత్తం 2004లో 13 డాలర్ల 60 సెంట్లు ఉండగా, నిషేధం తర్వాత 25 డాలర్లకు చేరిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. బీమా లేనివారి సంగతి చెప్పనవసరం లేదు.

అక్కడ ఈ ఇన్‌హేలర్‌కు మళ్ళీ జనరిక్ పోటీ బలపడడానికి పదేళ్ళకు పైగా పట్టింది. 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన జనరిక్ ఇన్‌హేలర్లలో ముంబయికి చెందిన సిప్లా తయారు చేసినది ఒకటి. 2024 డిసెంబరులో అక్కడి ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. టెవా అనే సంస్థ తన ఇన్‌హేలర్ పరికరానికి సంబంధించిన పేటెంట్లను, పోటీదారులను ఆపేందుకు వీలు కల్పించే అధికారిక జాబితాలో చేర్చింది. మందును పేర్కొనకుండా కేవలం పరికరాన్ని పేర్కొనే పేటెంట్లకు ఆ జాబితాలో చోటు లేదని న్యాయస్థానం తేల్చింది. అదే సంవత్సరం జూన్ నుంచి కొన్ని పెద్ద సంస్థలు రోగి తన జేబు నుంచి చెల్లించేది నెలకు 35 డాలర్లు మించకుండా పరిమితి విధించుకున్నాయి. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఇన్‌హేలర్లు కొని పట్టుకెళ్ళడం ఎందుకో ఇప్పుడు అర్థమయిందా?

మన దేశంలో అలా ఎందుకు జరగలేదు? 1970 నాటి మన పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. వేరే పద్ధతిలో అదే మందును తయారు చేసుకునే వీలు మన కంపెనీలకు దొరికింది. 2005లో చట్టం మారి మందులకు కూడా పేటెంటు వచ్చేనాటికి ఇన్‌హేలర్లు తయారు చేసే నైపుణ్యం ఇక్కడ స్థిరపడిపోయింది, ఒకటికి నాలుగు సంస్థలు పోటీలో ఉన్నాయి. కొత్త వాయువుకు మనమూ మారాము గానీ ఆ పోటీ మాత్రం మిగిలింది.

లేబులు మీద ధర ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న ప్రతి మందుకు ఒక గరిష్ఠ ధర ఉంటుంది. దానిని జాతీయ ఔషధ ధరల నిర్ధారణ సంస్థ నిర్ణయిస్తుంది. లెక్క ఇలా ఉంటుంది: ఆ మందు బజారులో కనీసం 1 శాతం వాటా ఉన్న అన్ని బ్రాండ్లకూ దుకాణదారుడు చెల్లించే ధరలను కూడి సగటు తీస్తారు, దానికి దుకాణదారుడి లాభంగా 16 శాతం కలుపుతారు. ఇన్‌హేలర్ విషయంలో ఈ ధరను డబ్బాకు కాక ఒక్కొక్క కొలత మోతాదుకు ప్రకటిస్తారు. మనం ఇందాక వేసిన భాగహారమే ప్రభుత్వమూ వేస్తుందన్నమాట. దాని మీద జి.ఎస్.టి. అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద ఈ పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. సగటు తీసేది ఉత్పత్తి ఖర్చును కాదు, బజారులో ఉన్న ధరలను. పెద్ద బ్రాండ్లు ముందే ఎక్కువ ధర పెట్టి ఉంటే సగటు కూడా ఎక్కువే వస్తుంది. పైగా ప్రతి ఏప్రిల్‌లో టోకు ధరల సూచీ ఎంత పెరిగితే గరిష్ఠ ధరలు అంతవరకూ పెరగవచ్చు. 2023లో ఆ పెరుగుదల 12 శాతం దాటింది, 2024లో దాదాపు సున్నా. జాబితాలో ఉన్న మందుకు, జాబితాలో ఉన్న మోతాదుకు మాత్రమే ఈ హద్దు వర్తిస్తుంది. జాబితాలో లేని వాటి ధరను ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు.

ధర తగ్గితే ఎల్లప్పుడూ మేలేనా అంటే, అదీ కాదు. 2024 అక్టోబరులో ఎనిమిది పాత మందుల గరిష్ఠ ధరలను ప్రభుత్వం 50 శాతం పెంచవలసి వచ్చింది. వాటిలో సాల్బుటమాల్ మాత్రలు, నెబ్యులైజర్‌లో పోసే ద్రావణం ఉన్నాయి. ముడిపదార్థాల ఖర్చు పెరిగి, ఆ ధరకు తయారు చేయడం గిట్టుబాటు కావడం లేదని ఉత్పత్తిదారులు చెప్పారు. దుకాణంలో దొరకని మందు ఎంత చౌకైనా ఉపయోగం ఏముంది?

ఇక కొనేవారి చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. డాక్టరు చీటీ మీద ఉన్నది బ్రాండు పేరైతే, అందులోని మందు పేరు, మైక్రోగ్రాములు, పఫ్‌ల సంఖ్య రాసివ్వమని అడగడం రోగి హక్కు. ఒకే మందు ఉన్న రెండు డబ్బాలలో ఒకదానిలో 120, ఇంకోదానిలో 200 పఫ్‌లు ఉండవచ్చు. తక్కువ ధర ఉన్నది అసలు చౌకైనది కాకపోవచ్చు. భాగించి చూస్తే గానీ తెలియదు. 2008లో మొదలై ఇప్పుడు ప్రధానమంత్రి భారతీయ జనఔషధి పేరుతో నడుస్తున్న దుకాణాలలో కొన్ని ఇన్‌హేలర్లు, పీల్చే గుళికలు బ్రాండ్ల కంటే బాగా తక్కువకు దొరుకుతాయి. అన్ని చోట్లా, అన్ని వేళలా ఉండవు, కాబట్టి మందు అయిపోయే ముందే వెళ్ళి అడగాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకునేవారు ఇన్‌హేలర్ ఉందా అని నోరు తెరిచి అడగాలి. మాత్రలిస్తే తీసుకుని వచ్చేయడం మనకు అలవాటు. అడిగేవారు లేకపోతే తెప్పించేవారూ ఉండరు.

ఒక హెచ్చరిక కూడా. దుకాణదారుడు "ఇది లేదు, ఇది తీసుకోండి" అని వేరే పరికరం ఇస్తే మందు ఒకటే కదా అని ఊరుకోకండి. కొలత ఇన్‌హేలర్‌ను నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. పొడి ఇన్‌హేలర్‌ను వేగంగా, బలంగా పీల్చాలి. ఒకదాని అలవాటుతో రెండవది వాడితే మందు అంతా నోట్లోనే మిగిలిపోతుంది.

గాలిలో కలిసిపోయే రూపాయలు

సరైన పద్ధతిలో వాడినా కొలత ఇన్‌హేలర్ నుంచి ఊపిరితిత్తులకు చేరేది మందులో కొద్ది భాగమే, మామూలుగా 10 నుంచి 20 శాతం. మోతాదును నిర్ణయించేటప్పుడు ఈ నష్టాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నారు. కానీ నొక్కడం ఒక క్షణంలో, పీల్చడం మరో క్షణంలో జరిగితే ఆ కొద్ది భాగం కూడా చేరదు. నోటి ముందు తెల్లని పొగ కనిపించిందంటే పైసలు గాలిలో కలిసినట్టే.

ఇంకో దుబారా ఉంది. ప్రతిసారీ వాడే ముందు "వస్తోందా లేదా" అని ఒక పఫ్ గాలిలోకి కొట్టి చూస్తారు కొందరు. కొత్త డబ్బా తెరిచినప్పుడు, లేదా చాలా రోజులు వాడకుండా ఉంచినప్పుడు అలా చేయాలని లోపలి కాగితంలోనే ఉంటుంది. రోజూ చేయనక్కరలేదు. రెండు పఫ్‌లు వాడేవారు ప్రతిసారీ ఒకటి గాలికి వదిలితే, 100 సార్లకు రావలసిన డబ్బా 66 సార్లకే అయిపోతుంది. ధర ఒకటిన్నర రెట్లు అయిందన్నమాట, ఏ కంపెనీ పెంచకుండానే.

నొక్కడానికీ పీల్చడానికీ పొత్తు కుదరని వారికి స్పేసర్ ఉంది. ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టం ఇది. మందు ముందు దానిలో నిలుస్తుంది, పెద్ద రేణువులు దాని గోడలకే అంటుకుంటాయి, సన్ననివి ఊపిరితో లోపలికి వెళతాయి. ఒక పఫ్ నొక్కి, అయిదారు సార్లు మామూలుగా ఊపిరి తీసుకుంటే సరి. పిల్లలకు ఇది దాదాపు తప్పనిసరి. కానీ దీని ధర ఇన్‌హేలర్ ధర కంటే ఎక్కువగా ఉండడం వల్ల చాలామంది వదిలేస్తారు.

ఇక్కడ దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక పరిశోధన గురించి తప్పక చెప్పాలి. కేప్ టౌన్‌లో హెదర్ జార్ అనే పిల్లల వైద్యురాలు, ఆమె సహచరులు అర లీటరు కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాను స్పేసర్‌గా మార్చారు. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, సందు లేకుండా జిగురుతో మూసి, మూతి వైపు నుంచి పిల్లల చేత ఊపిరి పీల్పించారు. ఆయాసంతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో దీనిని కొనుక్కునే స్పేసర్‌తో పోల్చి చూశారు. 1999లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. సందు మూసిన సీసా కొనుక్కునే స్పేసర్‌తో సమానంగా పని చేసింది. సందు మూయని సీసా అంతగా పని చేయలేదు, థర్మకోల్ కప్పు అన్నిటికంటే వెనుకబడింది. చూడండి, చౌక వస్తువు కూడా కొలిచి, పోల్చి, నిగ్గు తేల్చిన తర్వాతే శాస్త్రంలో నిలుస్తుంది. ఇంట్లో వాడాలనుకునేవారు ఒకసారి డాక్టరుకు లేదా నర్సుకు చూపించి వాడాలి. స్పేసర్ ఏదైనా వారానికొకసారి సబ్బు నీటిలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌పై స్థిర విద్యుత్తు పుట్టి మందు రేణువులను తన వైపు లాగేసుకుంటుంది. భౌతికశాస్త్రం పాఠంలో దువ్వెన, కాగితం ముక్కల ప్రయోగం మీకు గుర్తుండే ఉంటుంది.

డబ్బాలో మందు ఉందో లేదో తెలుసుకోవడానికి దాన్ని నీళ్ళలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే అలవాటు ఇంకా ఉంది. ఇది నమ్మదగిన పరీక్ష కాదు, పైగా కవాటంలో నీరు చేరి మూసుకుపోవచ్చు. లెక్కించే మీట ఉన్న ఇన్‌హేలర్లలో అంకె చూస్తే చాలు. లేనివాటికి డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ రాయండి. 120 పఫ్‌ల డబ్బాను రోజుకు నాలుగు చొప్పున వాడితే 30 రోజులు. ఆ తర్వాత కూడా నొక్కితే ఏదో వస్తూనే ఉంటుంది, కానీ అందులో మందు సరిగ్గా ఉంటుందన్న భరోసా లేదు.

అసలు పొదుపు ఎక్కడుంది?

ఇంతవరకూ ఎక్కువగా సాల్బుటమాల్ గురించే మాట్లాడాము. అది ఉపశమన మందు. బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది గానీ, శ్వాసనాళం లోపలి పొరలో ఉన్న వాపును తగ్గించదు. ఉబ్బసానికి మూలం ఆ వాపే. దాన్ని అణచేవి బుడెసొనైడ్, బెక్లోమెథసోన్ వంటి పీల్చే స్టెరాయిడ్లు. స్టెరాయిడ్ అనగానే భయపడనక్కరలేదు. ఇక్కడ కూడా లెక్క మైక్రోగ్రాములలోనే ఉంటుంది. వాడిన తర్వాత నోరు పుక్కిలిస్తే గొంతులో పూత రాకుండా ఉంటుంది.

నివారణ మందు వేసుకున్న వెంటనే తేడా తెలియదు. ఉపశమన మందు నిమిషాల్లో తేలిక చేస్తుంది. ఉన్న డబ్బుతో ఒక్కటే కొనగలిగితే ఏది కొంటారు? ఎవరైనా వెంటనే పని చేసేదే కొంటారు. ఉబ్బసం కథలో అతి ఖరీదైన పొదుపు ఇదే. గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ మన దేశంలోని కేంద్రాలలో జరిపి 2022లో ప్రకటించిన అధ్యయనంలో, పిల్లికూతలు ఉన్నవారిలో పీల్చే స్టెరాయిడ్‌ను రోజూ వాడుతున్నవారు నూటికి ముగ్గురు కూడా లేరు. మరోవైపు, అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలను రూపొందించే జైనా సంస్థ చెప్పేది వినండి. ఏడాదిలో 200 పఫ్‌ల ఉపశమన డబ్బాలు మూడు గానీ అంతకు మించి గానీ అయిపోతుంటే తీవ్రమైన దాడుల ప్రమాదం పెరుగుతుంది. పన్నెండుకు చేరితే మరణ ప్రమాదమే పెరుగుతుంది. నెలకొక నీలం డబ్బా కొంటూ "మందు వాడుతూనే ఉన్నాం కదా" అనుకునే ఇంటికి ఈ మాట చేరాలి.

2019లో జైనా తన సలహాను మార్చింది. పెద్దవారికి, కౌమార వయస్కులకు ఉపశమన మందు ఒక్కటే ఇవ్వడం తగదనీ, దానితో పాటు స్టెరాయిడ్ కూడా అందాలనీ చెప్పింది. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్‌ను ఆయాసం వచ్చినప్పుడు వాడే పద్ధతి అలా ముందుకు వచ్చింది. ఈ మిశ్రమం మన అత్యవసర మందుల జాబితాలో ఉంది, కాబట్టి దీనికీ గరిష్ఠ ధర ఉంది. డబ్బాకు డబ్బా పోలిస్తే ఇది సాల్బుటమాల్ కంటే ఖరీదే. కానీ ఒక రాత్రి అత్యవసర విభాగం, ఆటో ఖర్చు, నాలుగు రోజుల కూలి నష్టం పక్కన రాసి కూడి చూస్తే లెక్క తిరగబడుతుంది. ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. తగ్గింది కదా అని నివారణ మందును సొంతంగా ఆపితే వాపు మళ్ళీ మొదటికి వస్తుంది.

హైదరాబాదులో మృగశిర కార్తె నాడు చేప మందు కోసం వేలమంది వరుసలో నిలబడడం మీరు టీవీలో చూసి ఉంటారు. మందు ఉచితమే. దూర ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చే ఖర్చు మాత్రం ఉచితం కాదు. సీసా స్పేసర్‌కు పెట్టినటువంటి తులనాత్మక పరీక్షలో నెగ్గిన ఆధారం ఇంతవరకూ దానికి లేదు. నమ్మకంతో వెళ్ళేవారిని ఎగతాళి చేయడం నాకు ఇష్టం ఉండదు. ఊపిరాడని బాధ పడినవారికే తెలుసు. అయితే వెళ్ళేవారు చేతిలోని ఇన్‌హేలర్‌ను పారేసి వెళ్ళకూడదు.

మందు అవసరాన్నే తగ్గించే దారులు కూడా ధరల లెక్కలోకి వస్తాయి. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ, కట్టెల పొయ్యి, రాత్రంతా వెలిగే దోమల చుట్ట, ఇవి ఒక్కొక్కటీ కొన్ని పఫ్‌లను ఖర్చు చేయిస్తాయి.

ముందు ముందు మరో మార్పు రాబోతోంది. ఓజోన్‌ను కాపాడిన కొత్త వాయువు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తివంతమైనది. 2016 నాటి కిగాలి సవరణ ప్రకారం ఇటువంటి వాయువుల వాడకాన్ని దశలవారీగా తగ్గించాలి. మన దేశం 2021లో దానిని ఆమోదించింది. మళ్ళీ వాయువు మారబోతోంది, మళ్ళీ కొత్త కవాటాలు, కొత్త పేటెంట్లు వస్తాయి. 2008 తర్వాత అమెరికాలో జరిగింది ఇక్కడ జరగకుండా చూసుకోవడం ఔషధ విధానం చూసేవారి పని. ఆ విధానాన్ని రాయబోయేవారు మీలోనే ఉండవచ్చు.

ఈ వారం చేయడానికి ఒక పని ఇస్తున్నాను. ఇంట్లోనో, పక్కింట్లోనో ఇన్‌హేలర్ వాడేవారి దగ్గర ఖాళీ అట్టపెట్టె అడిగి తీసుకోండి. దాని మీద మందు పేరు, ఒక్కో పఫ్‌లో ఎన్ని మైక్రోగ్రాములు, ఎన్ని పఫ్‌లు, ధర ఎంత అన్నవి నోటుపుస్తకంలో రాసి, ఒక పఫ్ ధర కట్టండి. అదే మందు జనఔషధి దుకాణంలో ఎంత ఉందో కనుక్కుని పక్కన రాయండి. తర్వాత వారు పీల్చే తీరును, నోటి ముందు తెల్లని పొగ వస్తోందేమో గమనించి, మీరు కట్టిన ధరలో ఎంత భాగం లోపలికి వెళుతోందో వారితో కూర్చుని మాట్లాడండి.